పేర్ల పక్కన మంట

మా కోడలు దుర్గాలక్ష్మి చేపలమ్మే తీరు చూసి తీరాలి. అనకాపల్లి చేపల బజారులో మేము పద్దెనిమిది మందిమి వరసగా కూర్చుంటాం. అందరివీ సముద్రం చేపలే, అందరివీ ఆ పొద్దున దిగినవే. అయినా కొనేవాళ్ళు వచ్చి మా గంప దగ్గరే ఆగుతారు. దానికి కారణం చేపలు కాదు, దుర్గ నోరు. వచ్చిన ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ ఒక్క మనిషి పేరే కాదు. వాళ్ళింట్లో ఎవరికి ఏ చేప ఇష్టమో, ఎవరికి ముల్లంటే భయమో, ఎవరు పులుసు మాత్రం కలుపుకుని ముక్క పక్కకి తోసేస్తారో, అన్నీ చెబుతుంది.

"రండి సూర్యనారాయణ మాస్టారూ! మీ పెద్దపాపకి ముళ్ళు పడవు గదా, చందువ దాసి ఉంచేను. ఏటి, అలా పక్క గంపకేసి సూత్తన్నారు? అయి కవళ్ళు. మొకాలు సూడండి ఎంత దిగులుగా ఉన్నాయో!"

పక్క గంప చిన్నమ్మలు ఊరుకోదు. "ఒలే దుర్గా, నా సేపలకి దిగులేటే? పొద్దున్నించి నీ నోరు ఇని ఇని అలాగైపోయేయి."

మాస్టారు నవ్వుకుంటూ రెండు గంపల దగ్గరా కొనుక్కుని వెళ్ళిపోతారు. ఇది రోజూ ఉండే గొడవే.

మాది రాజయ్యపేట. మా ఆయన పోయాక అనకాపల్లి వచ్చేశాం. మా అబ్బాయి ఎల్లాజీ తెల్లవారేసరికి రేవు నుంచి ఆటోలో చేపలు తెస్తాడు. దుర్గ అమ్ముతుంది, నేను కత్తిపీట దగ్గర కూర్చుని కోసిస్తాను. మొదట్లో కోయడం కూడా దుర్గే చేసేది. ఆ పని నేను ఎందుకు లాక్కున్నానో చెప్పాలి.

దుర్గకి పన్నెండో ఏట పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ అప్పటి నుంచి నెలకి మూడు నాలుగు సార్లు చూపు ఆగిపోతుంది. కింద పడి కొట్టుకోవడం ఉండదు. మాట మధ్యలో ఆగిపోతుంది, కళ్ళు ఒకచోట నిలబడిపోతాయి, నోరు ఏదో నములుతున్నట్టు కదులుతుంది, కుడిచెయ్యి చీర కుచ్చిళ్ళని నలుపుతుంది. ఒక నిమిషం అంతే. తర్వాత కాసేపు మాట తడుముకుంటుంది, మళ్ళీ మామూలే. డాక్టర్లు అది కూడా మూర్ఛే అన్నారు. మూడు రకాల మాత్రలు ఇచ్చారు. నెలకి నాలుగు రెండయ్యాయి గానీ పూర్తిగా పోలేదు. పోయిన ఏడు దసరా ముందు కత్తిపీట మీద వంజరం కోస్తుండగా చూపు ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు. అరచేతికి పదకొండు కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి కత్తిపీట నాది.

చేతి కుట్లు విప్పిన డాక్టరే విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ తలలో ఆపరేషన్లు చేసే డాక్టరు పేరు లోహిత్. నలభై ఏళ్ళుంటాయి, ఇంకా పెళ్ళి కాలేదు. ఆ సంగతి మొదటి రోజే దుర్గ అడిగి తెలుసుకుంది.

ఆయన దుర్గ తల బొమ్మలు గోడ మీద వెలిగించి చూపించాడు. "మీకు జబ్బు పుట్టే చోటు ఇదిగో, ఎడమ కణత లోపల ఉంది. చిక్కుడు గింజంత. పూర్వమైతే పుర్రె తెరిచి కోసి తీసేవాళ్ళం. ఇప్పుడు అక్కర్లేదు. చిన్న కన్నం చేసి, దారంలాంటి తీగ లోపలికి పంపిస్తాం. దాని కొసన లేజరు వెలుగుంటుంది. ఆ వేడికి జబ్బు చోటు అక్కడికక్కడే ఉడికిపోతుంది."

"ఉడికిపోడమేటండి? నా బుర్రేటి, పులుసా?" అంది దుర్గ.

డాక్టరు నవ్వేశాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. ఈ పనంతా ఎమ్మారై మిషను లోపలే చేస్తారట. ఆ మిషను తల బొమ్మ తీయడంతో ఊరుకోదు. లోపల ఎక్కడ ఎంత వేడి ఉందో ఐదారు సెకన్లకోసారి కొలిచి రంగుల్లో చూపిస్తుంది. నీలం అంటే చల్లన, ఎరుపు అంటే కాలుతున్నట్టు. డాక్టరు బయట కూర్చుని ఆ రంగులు చూస్తూ మంట పెంచుతాడు, తగ్గిస్తాడు.

"మరి ఇందులో ఇబ్బంది ఏటి?" అని నేను అడిగాను. ఇబ్బంది లేకుండా ఇంత మర్యాదగా ఎవరూ చెప్పరు.

"ఒకటుందమ్మా. జబ్బు చోటుకి ఆనుకుని పేర్లు గుర్తుపెట్టుకునే భాగం ఉంది. మనుషుల పేర్లు, వస్తువుల పేర్లు. వేడి అటు పాకకూడదు. అందుకని అటువైపు నేను బొమ్మ మీద చుక్కలు పెడతాను. చుక్క దగ్గర వేడి నలభై మూడు డిగ్రీలు దాటిందంటే లేజరు దానంతట అదే ఆగిపోతుంది. ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికి ముందు మీ కోడలికి పేర్ల పరీక్ష పెట్టాలి."

పరీక్ష పెట్టింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ముక్కూ మూతీ కప్పేలా మాస్కు. ఒక పుస్తకం తెరిచి బొమ్మలు చూపిస్తుంది, ఇరవై సెకన్లలో పేరు చెప్పాలి. మొత్తం అరవై బొమ్మలు. నన్ను మూలన స్టూలు మీద కూర్చోనిచ్చారు గానీ నోరు విప్పొద్దన్నారు.

కుక్క, గొడుగు, దువ్వెన బాగానే వచ్చాయి. తర్వాత మంచుగడ్డలతో కట్టిన ఇల్లు ఒకటి చూపించింది. "పీత గూడు. కానీ ఇంత పెద్ద పీత నానెక్కడా సూడనేదు," అంది దుర్గ. వంకర చట్రానికి బారుగా తీగలు కట్టిన వాయిద్యం ఏదో చూపించింది. "వల అల్లడానికి కట్టేరు. కట్టినోడికి పని రాదు." మెలికలు తిరిగిన రొట్టె చూపించింది. "ముడి. పడవకి కట్టేది కాదు, లంగరుకి కట్టేది."

ఆ డాక్టరమ్మ కాగితం మీద తప్పు గుర్తులు పెట్టుకుంటూ పోయింది.

తర్వాత చేప బొమ్మ వచ్చింది. నేను హమ్మయ్య అనుకున్నాను. దుర్గ బొమ్మని దగ్గరకి తీసుకుంది, దూరం పెట్టింది, తలకిందులు చేసి చూసింది.

"పేరు చెప్పండి," అంది డాక్టరమ్మ.

"ఇలాటిది నేదండి."

"ఏదో ఒకటి చెప్పండి. టైమైపోతోంది."

"ఏటని సెప్పమంటారు? తోక సూత్తే పార తోక. మూతి పండుగప్ప మూతి. ఈపు మీద రెక్క ఏ సేపకీ అక్కడుండదు. దీన్ని గీసినోడు గట్టున కూకుని గీసేడు. నేని సేపకి నానెలా పేరెడతాను?"

"చేప" అని ఒక్క మాట అంటే సరిపోయేదని మాకు తర్వాత తెలిసింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే ఆ మాట అర్థమవుతుంది గానీ, చేప తెచ్చానంటే మాలో ఏ చేప అని అడగకుండా ఎవరూ ఉండరు. ఉత్త చేప ఎక్కడుంటుంది?

వారం తర్వాత డాక్టరు లోహిత్ మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టాడు. ఆయన మొహం సంతోషంగానే ఉంది. "పరీక్షలో అరవైకి ఇరవై మూడు వచ్చాయి. అంటే ఈ జబ్బు వల్ల పేర్ల భాగం ఇదివరకే బలహీనపడింది. ఒక రకంగా ఇది మనకి కలిసొచ్చింది. అక్కడ కొత్తగా పోయేది పెద్దగా లేదు కాబట్టి చుక్కల్ని కొంచెం అవతలికి జరుపుతాను. అప్పుడు జబ్బు ఇసుమంత కూడా మిగలకుండా కాల్చేయొచ్చు."

"ఎవరికండి పేర్లు రానిది?" అన్నాను.

"పరీక్షలో అలా వచ్చిందమ్మా."

ఎల్లాజీ ఏదో అనబోయాడు. దుర్గ లేచి నిలబడింది. "దండాలు బాబూ. ఎల్లొత్తాం," అని బయటికి నడిచింది.

విశాఖపట్నంలో ఆటో ఎక్కిన దగ్గర్నుంచి దుర్గ నోరు విప్పలేదు. లంకెలపాలెం దాటాక ఎల్లాజీ వెనక్కి తిరిగి, "ఒక మాటైనా తిట్టవే, బయమేత్తంది," అన్నాడు. అప్పుడు అంది.

"పేర్లు పోతే నానేటి అత్తా? గంప ఎనకాల కూకున్న ఇంకో గంప. ఫిట్లొత్తే రానీండి. ఆపరేసను నాకొద్దు."

మర్నాడు బజారులో దుర్గ ఎవరినీ పిలవలేదు. చిన్నమ్మలు రెండు సార్లు కావాలని కవ్వించింది. "ఏటే, నా కవళ్ళు ఇయ్యాల నవ్వుతున్నాయి సూడవా?" అంది. దుర్గ తక్కెడ తుడుస్తూ కూర్చుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తడబడ్డారు. మాస్టారు చందువ తీసుకుని, మళ్ళీ పెట్టేసి, "అమ్మాయికి ఒంట్లో బాగోలేదా?" అని నన్ను అడిగారు.

ఆ తర్వాత జోహరాబీ వచ్చింది. మెయిన్ రోడ్డులో గాజుల కొట్టు వాళ్ళది. పద్నాలుగేళ్ళుగా మా దగ్గరే కొంటుంది. సంగతంతా నాచేత చెప్పించుకుంది. బొమ్మల పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"ఆగు ఎరుకమ్మా. ఆ పరీక్ష పెట్టిన పిల్ల సన్నంగా, కళ్ళజోడు పెట్టుకుని, నిమిషానికోసారి వాచీ చూసుకుంటూ ఉందా?"

"అవును. మాస్కులోంచి మాట మెత్తగా ఉంది."

"యా అల్లా! అది మా అమ్మాయి అర్షియా! మా ఇంటిల్లిపాది పేర్లూ నోటికి చెప్పే మనిషికి పేర్లు రావని రాసిందా? రానీ ఇంటికి, దాని సంగతి చెబుతాను!"

ఏం చెప్పిందో గానీ ఆదివారం పొద్దున్నే అర్షియా మా బజారుకి వచ్చింది. చున్నీ ముక్కుకి అడ్డంగా చుట్టుకుంది. తడి నేల మీద చెప్పులు జారుతుంటే తల్లి చెయ్యి పట్టుకుని నడిచింది. మాస్కు లేదు కాబట్టి దుర్గ మొదట గుర్తుపట్టలేదు. గొంతు విన్నాక గుర్తుపట్టింది.

"ఓలమ్మ! మీరా? మీరు జోహరాబీ అమ్మ కూతురా? అంటే కానగంతల ఏపుడు రెండు ముక్కలు తిని, పులుసొద్దని అలిగే అర్షియా పాప మీరేనా?"

అర్షియా తల్లి వైపు చూసింది. "అమ్మీ, ఇవన్నీ బజారులో చెబుతావా?"

"చేపలు కొనాలంటే చెప్పాలి కదా," అంది జోహరాబీ.

అర్షియా దుర్గ ముందు గొంతుక్కూర్చుంది. "అక్కా, నేను తప్పు చేశాను. పుస్తకంలో ఉన్నట్టే మార్కులేశాను. మీ పరీక్ష మళ్ళీ పెట్టాలి. కానీ పుస్తకం తేలేదు. మీరు మీ పని చేసుకోండి. నేను మీ వెనక కూర్చుని రాసుకుంటాను."

నా పీట ఆమెకిచ్చి నేను సంచి మీద కూర్చున్నాను. దుర్గ మొదట బిగుసుకుపోయింది. తర్వాత ఆదివారం రద్దీ మొదలైంది. ఆ రద్దీలో తన నోరు మూసుకోవడం దుర్గ వల్ల కాదు.

"తాతబ్బాయి మామా, మీ ఆవిడ సొర్ర పిట్టు సెయ్యమందా? పిల్ల సొర్రే ఉంది, రా. ఏటి ధనరాజు గారూ, మీ అల్లుడొచ్చేడా, గులివిందలట్టుకెళ్ళండి, పొద్దున్నించి నానెవరికీ సూపించనేదు. కృష్ణబాబూ, నువ్వెందుకు, మీ అమ్మ సింహాచలం గారు రానేదేం, మోకాలు తగ్గిందా?"

అర్షియా పెన్ను ఆగలేదు. మధ్యలో రెండు చేపలు పట్టుకుని, "ఇవి రెండూ ఒకటే కదక్కా?" అని అడిగింది. "నువ్వూ మీ అమ్మా ఒకటేనా?" అని దుర్గ ఆమెనే అడిగింది. చిన్నమ్మలు పడీ పడీ నవ్వింది. అర్షియా ముక్కు మీంచి చున్నీ ఎప్పుడు జారిపోయిందో కూడా చూసుకోలేదు.

ఎనిమిదిన్నర అయి ఉంటుంది. లోవలక్ష్మి వచ్చింది. దుర్గ చెయ్యి ఊపి, "రా వదినా, మీ చిన్నోడు..." అని ఆగిపోయింది. కళ్ళు నిలబడిపోయాయి. నోరు నమలడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి కుచ్చిళ్ళని నలుపుతోంది.

మా వరసలో అందరికీ ఇది తెలుసు. చిన్నమ్మలు నా కత్తిపీటని కాలితో దూరంగా తోసింది. నేను దుర్గ భుజం పట్టుకున్నాను. ఎదురుగా నిలబడ్డ ఏడెనిమిది మంది ఎవరూ పక్క గంపకి పోలేదు. అలాగే నిలబడ్డారు. నిమిషం గడిచింది. దుర్గ కళ్ళు కదిలాయి.

"మీ చిన్నోడు..." అంది మళ్ళీ. ఆ పేరు రాలేదు. లోవలక్ష్మి మొహంలోకి చూసింది. "నువ్వు... నువ్వు..." అంది. గంపలో చేపని చూపించి ఏదో అనబోయింది. ఆ పేరూ రాలేదు. అరగంట దాకా అంతే. నేనే కూర్చుని అమ్మాను. తర్వాత ఒక్కొక్క పేరే తిరిగొచ్చింది.

అర్షియా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. రద్దీ తగ్గాక దుర్గ పక్కన కూర్చుంది.

"అక్కా, రెండు గంటల్లో మీరు ఎనభై మూడు మంది పేర్లు చెప్పారు. పదహారు రకాల చేపల పేర్లు చెప్పారు. నా పుస్తకాన్ని సముద్రంలో పారేయాలి. కానీ ఇంకోటి కూడా చూశాను. ఆ ఫిట్టు వచ్చినప్పుడల్లా మీ పేర్లు అరగంట మాయమైపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే అరగంట గంటవుతుంది. కొన్నాళ్ళకి కొన్ని తిరిగి రావు. ఆపరేషన్ వద్దనుకుంటే పేర్లు మిగులుతాయనుకోకండి."

దుర్గ చాలాసేపు గంపలో నీళ్ళు చల్లుతూ కూర్చుంది.

"సుక్కలు మొదట పెడతానన్న సోటే పెట్టాలి," అంది చివరికి.

"నేను సార్‌తో మాట్లాడతాను."

"ఇంకోటి. నా నెత్తిలో పొయ్యి ఎలిగిత్తే, ఆ పొయ్యి కాడ నా మనిసి ఒకరుండాలి. మా అత్త ఉండాలి. రంగులు కనపడతాయంట గదా, సూడనీ."

అర్షియా ఆ రోజు బజారులో ఫోనుతో తీసిన ఫొటోలు, రాసుకున్న కాగితాలు డాక్టరుకి చూపించింది. ఆయన తన తప్పు ఒప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కాదు. మమ్మల్ని పిలిపించి చెప్పాడు. "చుక్కలు మొదటి చోటే పెడతాను. అటువైపు కాస్త జబ్బు మిగిలినా మిగలనీ, పేర్లు మాత్రం ముట్టుకోను. అమ్మా, మీరు గాజు అద్దానికి ఇవతల మాతో కూర్చోవచ్చు. కానీ మాట్లాడకూడదు." డబ్బు ఎలా సమకూరిందన్నది వేరే కథ, అది ఇక్కడ చెప్పను.

ఆపరేషన్ బుధవారం పొద్దున. ఆ గది చుట్టుపక్కలకి ఇనుము పోకూడదు, బంగారం కూడా వద్దన్నారు. కమ్మలు వచ్చాయి గానీ నా ముక్కుపుడక ఇరవై ఏళ్ళుగా తీసింది కాదు. నర్సు సబ్బు రాసి లాగుతుంటే గుండు గీయించుకుని స్ట్రెచరు మీద పడుకున్న దుర్గ, "మా అత్తకి నా కంటే పెద్ద ఆపరేసను సేత్తన్నారు," అంది. మత్తు ఇచ్చేముందు నాతో అన్న మాట అదే.

అద్దానికి ఇవతల చిన్న గది. లోహిత్ డాక్టరు, మిషను నడిపే ఇద్దరు, అర్షియా, నేను. అద్దం అవతల గొట్టంలాంటి మిషనులోంచి దుర్గ కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మా ముందు పెద్ద తెర. దాని మీద బూడిద రంగులో తల లోపలి బొమ్మ. మధ్యలో సన్నటి గీత, అదే తీగ. గీత కొసకి ఒక పక్క నాలుగు చిన్న చుక్కలు. "అవే పేర్ల వైపు చుక్కలు," అని అర్షియా నా చెవిలో చెప్పింది.

మొదట బొమ్మంతా నీలంగా ఉంది. డాక్టరు "స్టార్ట్" అన్నాడు. కొస దగ్గర ఆకుపచ్చ చుక్క పుట్టింది. బొమ్మ మారింది. పసుపు. మళ్ళీ మారింది. మధ్యలో ఎరుపు. మారిన ప్రతిసారీ ఆ రంగు కాస్త వెడల్పవుతోంది. చప్పుడు లేదు, పొగ లేదు. పక్కన అంకెలు మాత్రం పరుగెడుతున్నాయి. నలభై ఏళ్ళుగా పొయ్యి ముందు కూర్చున్న దాన్ని నేను. మంట కనపడకుండా ఉడకడం అప్పుడే చూశాను. డాక్టరు తెర మీంచి కన్ను తీయలేదు. నేనూ తీయలేదు.

ఎరుపు జబ్బు చోటులో సగం దాకా నిండింది. డాక్టరు ఆపించాడు. చూస్తుండగానే రంగులు వెనక్కి, పసుపు, ఆకుపచ్చ, నీలం అయిపోయాయి. తీగని కొద్దిగా వెనక్కి లాగారు. మళ్ళీ మొదలు. ఈసారి రంగు చుక్కల వైపు ఒరిగింది. మొదటి చుక్క పక్కన అంకె నలభై. నలభై ఒకటి. అర్షియా నా చెయ్యి పట్టుకుంది. నలభై రెండు. బొమ్మ మారింది. నలభై మూడు. మిషను ఒక్క కూత కూసి ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, అదే ఆగింది.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. బొమ్మ మీద కాలిన చోటు కొలిచి చూశాడు. నాలుగింట మూడు వంతులకి పైగా అయింది. చుక్కల వైపు అంచున కొంచెం మిగిలింది, గోరంత.

"ఇంకో నలభై సెకన్లు ఇస్తే అది కూడా అయిపోతుంది సార్," అన్నాడు మిషను నడిపే అతను. "చుక్కని రెండు మిల్లీమీటర్లు జరిపితే చాలు."

డాక్టరు చెయ్యి మౌసు మీద పెట్టాడు. తెర మీద బాణం చుక్క దగ్గరికి వెళ్ళింది. నేను మాట్లాడనని మాటిచ్చాను. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. అర్షియా కూడా మాట్లాడలేదు. బజారులో రాసుకున్న కాగితం మడత విప్పి తెర కింద పెట్టింది, అంతే. ఎనభై మూడు పేర్లు.

డాక్టరు ఆ కాగితం చదివాడో లేదో తెలీదు. చెయ్యి మౌసు మీంచి తీసేశాడు.

"ఆపేద్దాం. మిగిలిన దాన్ని మాత్రలు చూసుకుంటాయి."

ఆ గోరంత వల్ల మళ్ళీ చూపు ఆగుతుందా లేదా అన్నది ఆ రోజు ఎవరికీ తెలియదు. ఇప్పటికి ఐదు నెలలైంది. మాత్రలు వేసుకుంటూనే ఉంది. ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఆ రోజు మా భయం దాని గురించి కాదు, పేర్ల గురించి.

మర్నాడు పొద్దున్న దుర్గ మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. కణత పైన ఒక్కటే కుట్టు, దాని మీద చిన్న పట్టీ. తల నొప్పిగా ఉందంది, అంతకు మించి ఏమీ లేదు. డాక్టరు లోహిత్ ఒక్కడే వచ్చాడు. అర్షియా ఇంకా డ్యూటీకి రాలేదు. మంచం పక్కన నేను, కాళ్ళ దగ్గర ఎల్లాజీ.

డాక్టరు ఫోనులో అర్షియా ఇచ్చిన బజారు ఫొటోలు తెరిచి చూపించాడు. దుర్గ ఇడ్లీ పక్కన పెట్టింది.

"వంజరం. కానగంతలు. నెత్తళ్ళు, మా చిన్నమ్మలు పిన్నివి, ఆ గంప దానిది. చందువ. ఇది పండు... పండు..." ఆగింది. "పండుగప్ప! ఏటి బాబూ, అలా సూత్తన్నారు, పెద్ద పేరు గదా, కొంచెం టైమివ్వండి."

మనుషుల ఫొటోలు చూపించాడు. మాస్టారు, జోహరాబీ, తాతబ్బాయి, లోవలక్ష్మి. లోవలక్ష్మి చిన్నకొడుకు పేరు కూడా చెప్పింది. డాక్టరు మొహం వెలిగిపోయింది. ఉత్సాహంలో ఫోను జేబులో పెట్టేసి ఎల్లాజీ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈయన ఎవరు?"

"మా ఇంటాయన."

"పేరు?"

దుర్గ దుప్పటి పైకి లాక్కుంది. నా వైపు చూసింది. తల దించుకుంది.

"ఈయన పేరు చెప్పండి."

దుర్గ దుప్పటి అంచుని వేళ్ళతో మడతపెడుతోంది. ఆ చెయ్యి అలా కదలడం చూసి డాక్టరు మొహం పాలిపోయింది. "టైం తీసుకోండి. మొదటి అక్షరం చెప్పనా? 'ఎ'తో మొదలవుతుంది," అన్నాడు.

దుర్గ ఇంకా కిందికి దించుకుంది. మెడ దాకా ఎర్రబడింది.

డాక్టరు గుమ్మం దగ్గరికి వెళ్ళి నర్సుని పిలిచాడు. "వెంటనే స్కానుకి రాయండి. దగ్గరవాళ్ళ పేరు రావడం లేదు. వాపు వచ్చిందేమో." నర్సు పరుగెత్తింది. ఆయన గాభరా చూసి మా ఎల్లాజీకి కూడా బుర్ర పనిచేయడం మానేసింది. మంచం కోడు పట్టుకుని, "దుర్గా! అందరి పేర్లూ సెప్పేవు గదే! తాతబ్బాయి మామ పేరు గుర్తుంది, నా పేరు మర్సిపోయేవా?" అని ఏడుపు గొంతు పెట్టాడు.

నేను కూడా ముందు బెదిరిపోయాను. మంచం పట్టీ పట్టుకుని కూర్చుండిపోయాను. తర్వాత దుర్గ మొహం సరిగ్గా చూశాను. అది మర్చిపోయిన మొహం కాదు. చూపు ఆగినప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది పెళ్ళిపీటల మీది మొహం.

"డాట్రు బాబూ, స్కానాపండి! పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. ఆ పేరు దాని నోట నానొక్కసారే ఇన్నాను. అదీ పెళ్ళినాడు, నా కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడి, పేరు సెప్తేగానీ లోపలికి రానివ్వనంటే. మొగుడి పేరు ఆడది పలుకుతాదేటండి? అదీ అత్త ఎదురుగా!"

డాక్టరు నా వైపు చూశాడు, దుర్గ వైపు చూశాడు. ఆయనకి కొంచెం కొంచెంగా అర్థమైంది. "నిజమేనా?" అని దుర్గని అడిగాడు. దుర్గ తలూపింది. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు. "నేను చెవులతో వినాలమ్మా. వినకుండా ఇంటికి పంపించలేను."

"దానికేటండి, నాను బయటికెల్తాను," అని లేచాను. బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. "దుర్గా, నానెల్లిపోయేననుకో. ఏటీ ఇననేదు. కానీ పేరు సెప్పకపోతే ఈ తలుపు తియ్యను. మద్యాన్నం అన్నం కూడా లోపలికి రాదు."

నర్సు స్కాను కాగితం పట్టుకుని తిరిగొచ్చింది. ఆమెని చేత్తో ఆపాను. బయట వార్డులో ఎదురు మంచం మీది ముసలాయన, ఆయన మనవరాలు, నేల తుడిచే మనిషి, అందరూ మా తలుపు వైపే చూస్తున్నారు.

"గట్టిగా సెప్పాలా?" అని దుర్గ గొంతు వినిపించింది.

"నాకు వినపడితే చాలు," అన్నాడు డాక్టరు.

కానీ దుర్గకి మెల్లగా చెప్పడం ఎప్పుడు వచ్చు కనక?

"ఎల్లాజీ!"

వార్డు ఆ చివర దాకా వినపడింది. తన పేరూ ఎల్లాజీయే కాబోలు, మెట్ల దగ్గర కూర్చున్న ఒకాయన "ఆ!" అని లేచి నిలబడ్డాడు. నర్సు నోటికి కాగితం అడ్డం పెట్టుకుంది. నేను తలుపు తీశాను. మా వాడు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు, చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి. డాక్టరు జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు.

"ఇంకొక్కసారి చెబుతారా? సరిగ్గా రాసుకుంటాను," అన్నాడు.

"ఇంకోపాలా?" అంది దుర్గ, చల్లారిపోయిన ఇడ్లీ మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "అస్తమానూ అరవడానికి ఆయనేటి, సేపా?"